బీరువా గూటికి రెండు సందులు

నేను ఒక కోళ్లగూడును. నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. లోపల దాచుకునే అలవాటు మానుకుని చాలా కాలమైంది. నా తలుపు మూసిన తరువాత లోపల పడుకున్న ప్రాణం ఒకటి, చప్పుడు చేయకుండా, కాళ్లు కొట్టుకోకుండా, నిద్రలోనే ఊపిరాడక వెళ్లిపోతుందేమోనని నా భయం. పిల్లి వస్తే కోళ్లు అరుస్తాయి. పాము వస్తే అరుస్తాయి. ముంగిస వస్తే వాడంతా లేచేలా అరుస్తాయి. గాలి చెడిపోతే మాత్రం ఏ కోడీ అరవదు. ఇంకాస్త ముడుచుకుని ఇంకాస్త హాయిగా కళ్లు మూసుకుంటుంది. చూసేవాళ్లకు సుఖంగా పడుకున్నట్టే ఉంటుంది.

పుట్టుకతో నేను గూడును కాను. అంతకు ముందు బీరువాను. ఇంకా ముందు ఆదిలాబాద్ వైపు అడవిలో టేకు చెట్టును. చెట్టుగా ఉన్నప్పటి సంగతులు నాకు సరిగ్గా గుర్తుకు రావు. జ్వరంలో విన్న మాటల్లాగా ముక్కలు ముక్కలుగా వస్తాయి. వెడల్పాటి ఆకుల మీద తొలకరి పడితే, ఎవరో విస్తళ్ల మీద బియ్యం జల్లుతున్నట్టు చప్పుడయ్యేది. గాలికి రావడానికో దారి, పోవడానికో దారి ఉంటుందని అప్పట్లో నాకు తెలియదు. అంతా దారే కదా అక్కడ.

నన్ను బీరువాగా చేసిన వడ్లాయనకు తన పనితనం మీద మహా నమ్మకం. పలకకూ పలకకూ మధ్య వెంట్రుక దూరే సందు కూడా ఉండకూడదన్నది ఆయన పట్టుదల. పని పూర్తయిన రోజు ఒక పళ్లెంలో నిప్పులు పోసి, ఊదు చల్లి, నా లోపల పెట్టి రెండు తలుపులూ మూశాడు. అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తూ నా వైపే చూశాడు. ఎక్కడి నుంచీ పొగ రాలేదు. కాసేపటికి తలుపు తీస్తే పొగంతా ఒక్క ముద్దగా ఆయన ముఖం మీద పడింది. దగ్గుతూనే, "ఇదిరా బీరువ అంటే!" అని తొడ చరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉండింది.

మొదట నన్ను ఒక బట్టల షావుకారు ఇంట్లో పెట్టారు. ఆయన భార్య తన పట్టుచీరలను నా అరల్లో పేర్చి, మధ్యమధ్య ఎండిన వేపాకు వేసి, కర్పూరం ఉండలు పెట్టేది. ఎప్పుడైనా ఒకసారి తలుపు తీసి, చీరల్లో ముఖం దాచుకుని, గుండె నిండా వాసన పీల్చి, మళ్లీ మూసేది. ఆ చీరలు కట్టుకోవడం నేను చూసింది తక్కువ. మనుషులు తమకు ఇష్టమైన వాటిని మూసిపెడతారు. ఎంత ఇష్టమో అంత గట్టిగా మూస్తారు. ఈ సంగతి నాకు ఆ ఇంట్లోనే మొదట అర్థమైంది. ఇప్పటికీ అదే మాట తిరగేసి తిరగేసి చూసుకుంటున్నాను.

తరువాత ఆ ఇంట్లోకి ఇనుప బీరువాలు వచ్చాయి. నన్ను దగ్గర్లోని ఊరి బడికి ఇచ్చేశారు. ఏడో తరగతి గదిలో నా చోటు. నాలో సుద్దముక్కల డబ్బాలు, చుట్టచుట్టిన పటాలు, ఒక వైపు సొట్టపోయిన భూగోళం. నా జీవితంలో అంత సందడి అంతకు ముందు లేదు, ఆ తరువాత కోళ్లు వచ్చేదాకా లేదు. పిల్లలతో పాటు నేనూ చదువుకున్నాను. ఎక్కాలు వచ్చేశాయి. నదుల పేర్లు వచ్చేశాయి. ఒకరోజు సైన్సు సారు ఊపిరితిత్తుల పాఠం చెబుతున్నాడు. గాలి ముక్కులోంచి లోపలికి ఎలా వెళుతుందో బోర్డు మీద బాణం గుర్తులు వేసి చూపించాడు. బయటికి ఎలా వస్తుందో రేపు చెప్పుకుందాం అన్నాడు. ఆ రేపు రాలేదు. పిల్లలు తక్కువయ్యారని ఆ బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు. నన్ను వరండాలోకి నెట్టారు. అంతటితో నా చదువు ఆగిపోయింది.

సగం చదివినవాళ్లకు భయం ఎక్కువ. ప్రమాదం ఉందని తెలుస్తుంది, అది ఏ వైపు ఉందో తెలియదు. ఈ మాట నా గురించే అనుకున్నాను, నేను నవనీత వాళ్ల ఇంటికి వచ్చేదాకా.

నన్ను ఆ వరండా నుంచి తెచ్చినవాడు దత్తు. నిర్మల్ నుంచి అడవి వైపు వెళ్లే దారిలో ఒక చిన్న ఊరు వాళ్లది. అతను ట్రాలీ ఆటో నడుపుతాడు. ఊళ్లో ఎవరింట్లో ఏ సామాను కదిలినా అతని బండి మీదే కదలాలి. అతని భార్య నవనీత. తొమ్మిదో తరగతిలో చదువు మానిపించి పెళ్లి చేశారు. మేనరికం, అందుకే అతన్ని బావా అని పిలుస్తుంది. ఇంట్లో మూడో మనిషి దత్తు తల్లి లసుమవ్వ. గట్టి మనిషి, గట్టి గొంతు.

నేను వచ్చేసరికి ఆ ఇంట్లో నవ్వులు తక్కువగా ఉండేవి. అంతకు ముందటి చలికాలంలో నవనీత తొలి బిడ్డ పోయింది. మూడు నెలల పాప. పడుకున్న పాప పడుకున్నట్టే ఉందట, లేపితే లేవలేదట. చలి తగిలిందన్నారు అందరూ. ఆ ఒక్క మాట నవనీతలోకి మేకులాగా దిగిపోయింది. ఆమెను వట్టి చేతులతో కూర్చోనివ్వకూడదని దత్తు కోళ్లు తెద్దామన్నాడు. కోళ్లకు ఇల్లుగా నన్ను తెచ్చాడు.

పెరట్లో ఇటుకల మీద నన్ను పక్కకు పడుకోబెట్టారు. నిలబడి బతికినదాన్ని కదా, పడుకోవడం మొదట్లో సిగ్గనిపించింది. అలా పడుకోబెడితే నా తలుపులు రెండూ కొత్త పని నేర్చుకున్నాయి. ఒకటి కిందికి వాలి కోళ్లు ఎక్కే వాలుబల్ల అయింది. రెండోది పైకి లేచే మూత అయింది. అరల చెక్కలు ఊడదీశారు. వాన పడకుండా పైన రేకు వేశారు.

"ఇంత పొడుగున్నది. ఇరవై కోళ్లు పట్టయా?" అన్నాడు దత్తు, నా నడుం మీద చరుస్తూ.

"పట్టుడు వేరు, బతుకుడు వేరు బావా."

నవనీత లోపలి నుంచి చాట తెచ్చింది. కొత్తగా తెచ్చిన పెట్టల్లో ఒకదాన్ని, నల్ల చుక్కలున్న కక్కెర పెట్టను, ఆ చాటలో కూర్చోబెట్టింది. కోడి ముడుచుకుంటే చాట చాలింది. ఆమె మెల్లగా దాని రెక్క పట్టి విప్పితే రెక్క చాట అంచు దాటి బయటికి పోయింది. "కూసునే జాగ గాదు, రెక్క ఇప్పే జాగ ఉండాలె," అంది. ఒక్కో కోడికి రెండు చాటల నేల అని లెక్క పెట్టుకుని, నా అడుగు పలక మీద చాటను బోర్లిస్తూ వెల్లకిలేస్తూ ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్లింది. నాలుగు కోళ్లు, మహా అయితే అయిదు. అంతకు మించి వద్దంది.

గుమ్మంలో కూర్చున్న లసుమవ్వకు నవ్వొచ్చింది. "నా కాలంల ఒక్క గంప కింద పది కోళ్లను కమ్ముదును. నాకు జాగ సాల్తలేదని ఒక్క కోడి గూడ సెప్పలే."

"నీకు భయపడి సెప్పలేదేమోనే అవ్వా," అన్నాడు దత్తు.

"థూ, నీ నోట్ల మన్నువడ!"

ఆ తరువాత అతను రంపం తెచ్చి, నా రెండు కొసల పలకల్లోనూ, పైకప్పుకు బెత్తెడు కింద, జానెడు వెడల్పున పొడుగాటి సందులు కోశాడు. వాటికి పిల్లి పంజా దూరని సన్న జాలి కొట్టాడు. కోళ్లు ఎక్కి కూర్చునే వెదురు కర్రను ఆ సందులకు బాగా దిగువన కట్టింది నవనీత. గాలి వాటి తలల మీదుగా పోవాలి, వాటి ఒంటికి కొట్టకూడదు అని ఆమె ఆలోచన. ఎవరు చెప్పారో తెలియదు. కోళ్లు గాలివాటుకు ఎటు తిరిగి కూర్చుంటాయో పెరట్లో రోజంతా చూసి కనిపెట్టిందనుకుంటాను.

రంపం కోస్తున్నంతసేపూ నేను చచ్చిపోతున్నానే అనుకున్నాను. వెంట్రుక సందు లేదని పేరు పొందినదాన్ని కదా. సాయంత్రం అయ్యింది. కోళ్లు ఒక్కొక్కటే వాలుబల్ల ఎక్కి లోపలికి వచ్చాయి, కొత్త ఇంట్లో కొత్త కోడళ్లలాగా తలలు అటూ ఇటూ తిప్పుకుంటూ. అప్పుడు పొలాల మీది నుంచి గాలి వచ్చింది. ఒక సందులోంచి వచ్చి, పైకప్పు కిందుగా, ఎవరో అరచేత్తో నిమిరినట్టు వెళ్లి, రెండో సందులోంచి బయటికి పోయింది. నాలోంచి పోయింది! నా లోపలి చీకటి కదిలింది. ఏళ్ల నాటి కర్పూరం వాసన, సుద్దపొడి వాసన కొంచెం కొంచెంగా దానితో వెళ్లిపోయాయి. బడిలో సారు చెప్పకుండా వదిలేసిన సగం పాఠం ఇదేనేమో అనుకున్నాను.

"కోళ్లకు టేకు బీరువ, మనకు దండెం," అన్నాడు దత్తు, తీగ మీద వేలాడుతున్న తన చొక్కాలను చూపించి. "ఊర్లె ఎవలన్న సూస్తే కోళ్లే మనల్ని సాకుతున్నయనుకుంటరు."

నవనీత నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఆ ఎండాకాలం, వానాకాలం నాకు కలల్లో గడిచినట్టు గడిచాయి. మధ్యాహ్నాలు ఖాళీగా తలుపులు తెరుచుకుని పడుకుని ఉండేదాన్ని. సందుల్లోంచి వచ్చిన వెలుగు నా నేల మీద జాలి గళ్లు గళ్లుగా పడి, పొద్దు తిరిగేకొద్దీ మెల్లగా పాకేది. ఒక్కో గడిలో ఒక్కో పొట్టు రేణువు తేలుతూ ఉండేది. పెట్ట ఒకటి వచ్చి గుడ్డు పెట్టి, తన గొప్ప ఊరంతటికీ చెప్పుకోవడానికి బయటికి పరుగెత్తేది. ఆ వెచ్చటి గుడ్డు, నేను, ఇద్దరమే ఉండేవాళ్లం. ఎవరి కడుపులో ఏముందో అనుకుంటూ ఉండేదాన్ని. నవనీతకు మళ్లీ నెల తప్పిందని నాకు అలాగే తెలిసింది. గుడ్ల కోసం లోపలికి వంగినప్పుడు ఒక చేయి కడుపు మీద పెట్టుకుని వంగడం మొదలుపెట్టింది.

కార్తీకంలో ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి నుంచి పాపను తెచ్చిన రోజు నవనీత ముఖం చూశాను. సంతోషం ఉంది. దాని మీద భయం పరుచుకుని ఉంది, పాల మీద మీగడ కట్టినట్టు. ఎదురుగా కనిపించేది వాళ్ల పడక గది కిటికీ. నా చివరి ఇటుక నుంచి పది అంగలు కూడా ఉండదు. ఆ కిటికీ రెక్కలు అదే రోజు మూసుకున్నాయి.

మా వైపు చలి ఎలా ఉంటుందో బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. మార్గశిరం వచ్చేసరికి పొద్దున్నే మనుషుల నోట్లోంచి పొగలు. లసుమవ్వ బాలెంత గదికి తన పద్ధతిలో కట్టడి చేసింది. కిటికీ చెక్కల సందులకు మైదా జిగురుతో కాగితాలు అంటించింది. దాని మీద బొంత వేలాడదీసింది. తలుపు కింద పాత చీర చుట్టి దూర్చింది. మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టింది. తరతరాలుగా చేస్తున్న పనే. ప్రేమగా చేసిన పనే. నవనీత చెవులకు గుడ్డ కట్టుకుని, కాళ్లకు సాక్సులు వేసుకుని, అత్త చేసినదాని మీద తనూ ఇంకొంచెం చేసింది. బొంత వెనక ఇంకో దుప్పటి. "ఈసారి సలిని లోపలికి రానియ్య అత్తా," అంటుండేది. "రానియ్యం బిడ్డా," అనేది లసుమవ్వ. ఆ ఒక్క విషయంలో అత్తాకోడళ్లకు ఎప్పుడూ తగువు రాలేదు.

తరువాత ఆమె చూపు నా మీద పడింది. వానాకాలంలో ఇంకో పెట్ట, ఒళ్లంతా నల్లగా ఉండే నల్లపెట్ట, పొదిగిన పిల్లలు అప్పటికి పెద్దవయ్యాయి. పెరట్లో గంప కింద పడుకునేవి. చలికి అవేం కావాలని, వాటినీ నాలోకే తోలింది. చాటల లెక్క మరిచిపోయింది. వెదురు కర్ర మీద చోటు చాలక సగం కోళ్లు కింద తమ రెట్టల మీదే పడుకోవాల్సి వచ్చింది. ఆ తరువాత ఎవరిదో షాపు ఓపెనింగు ఫ్లెక్సీ ఒకటి దత్తు బండిలో ఉంటే దాన్ని రెండుగా కోయించి, నా రెండు సందుల మీదా మేకులు కొట్టించింది. ఒక సందు మీద పూలదండ వేసుకుని నవ్వుతున్న యజమాని ముఖం, రెండో సందు మీద 'అందరూ ఆహ్వానితులే' అన్న అక్షరాలు. ఆహ్వానం బయటికి కనిపిస్తోంది. గాలికి మాత్రం లోపలికి దారి లేదు.

నేను మళ్లీ బీరువానైపోయాను.

ఏం జరుగుతున్నదో నాకు లోపలి నుంచి తెలుస్తూనే ఉంది. అన్ని కోళ్ల ఊపిరి పైకి లేచి, నా పైకప్పుకు తగిలి, చెమటలాగా బొట్లు కట్టేది. తెల్లారేసరికి ఆ బొట్లు వాటి మీదే రాలేవి. కింద రెట్ట తడిసి, ముక్కు పట్టుకునే ఘాటు వచ్చేది. కోళ్ల కళ్ల వెంట నీళ్లు. నల్లపెట్ట గొంతులో గురగుర మొదలైంది. ఉదయం మూత ఎత్తినప్పుడు ఆ తడి చూసి నవనీత, "సలి ఎట్లనో లోపలికి వస్తున్నదత్తా, మంచు కురిసినట్టున్నది," అంది. లసుమవ్వ వచ్చి చూసి, గోనె సంచులు తెచ్చి మూత మీద కప్పింది. అది మంచు కాదమ్మా, అది వాటి ఊపిరే, పోవడానికి దారి లేక ఇక్కడే తిరుగుతోంది అని నేను అరుస్తూనే ఉన్నాను. చెక్క అరుపు ఎవరికి వినిపిస్తుంది? ఎండకు నేను కిర్రుమంటే, "పాతదైంది పాపం," అనుకునేవాళ్లు.

ఒకరోజు పొద్దున కక్కెర పెట్ట లేవలేదు. చాటలో కూర్చుని రెక్క విప్పి చూపించిన పెట్ట. మూలన తల రెక్క కింద పెట్టుకుని, ఎంతో నెమ్మదిగా, పడుకున్నది పడుకున్నట్టే ఉంది.

"సలి కొట్టింది," అంది లసుమవ్వ.

 నవనీత ఆ పెట్టను చేతుల్లోకి తీసుకుని, దాని రెక్కను ఒంటికి సర్దింది. ఆ తరువాత ఇంకో సంచి తెచ్చి నా మీద కప్పింది.

ఆ రోజుల్లో ఎదుటి గది నుంచి వినిపించే మాటలు నన్ను ఇంకా భయపెట్టేవి. "పాప ఎంత మంచిగ పండుకుంటున్నదో సూడు. పాలకు గూడ లేస్తలేదు. ఎచ్చదనం అంటే గది," అని లసుమవ్వ మురిసిపోయేది. నవనీత తలనొప్పి అనేది. లసుమవ్వ తనకూ తల దిమ్ముగా ఉందని, పైత్యమని, నుదుటికి గుడ్డ బిగించుకునేది. పగలు పెరట్లోకి వచ్చి కాసేపు తిరిగితే ఇద్దరికీ తగ్గిపోయేది. "ఎండ తగిలితే పైత్యం దిగుతది," అనుకునేవాళ్లు. ఎండ కాదు. కానీ ఆ మాటా చెప్పలేకపోయాను.

పుష్యంలో ఒక పొద్దున. మంచు దట్టంగా ఉంది, ఎదుటి కిటికీ నాకు మసకగా కనిపిస్తోంది. దత్తు ముందు వైపు బండి తుడుచుకుంటున్నాడు. పాపను అత్త ఒళ్లో పెట్టి, కుంపటిలో కొత్త బొగ్గులు వేసి, నవనీత నా దగ్గరకు వచ్చింది. కింది తలుపు వాల్చింది. మూత ఎత్తింది. కోళ్లు తూలుతూ దిగాయి. నల్లపెట్ట దిగలేదు. నా ఆ కొస మూలకు నక్కి కళ్లు మూసుకుని ఉంది. పిలిచింది, రాలేదు. చేయి చాపింది, అందలేదు. ఇక నవనీత మోకాళ్ల మీద కూర్చుని, తలా భుజాలూ నాలోకి దూర్చి, నడుం దాకా పాకింది. సంచుల బరువుకు వెనక మూత జారి ఆమె మీద వాలిపోయింది.

నాలోకి మనిషి రావడం అదే మొదటిసారి. చీకట్లో ఆమె ఊపిరి నా పలకలకు తగిలింది. ఒక్క క్షణం నాకు ఆమె నా కడుపులోని బిడ్డలాగే అనిపించింది. ఆమె కళ్లు మండాయి. దగ్గింది. చెవుల గుడ్డ లాగేసుకుంది. చేత్తో పైకప్పును తడిమింది, బొట్లు వేళ్ల మీదుగా మోచేతి దాకా కారాయి. అవి గోరువెచ్చగా ఉన్నాయి.

"ఇదేంది?" అంది, తనలో తను. "ఈడ సలే లేదు గదా."

నల్లపెట్టను ఒళ్లోకి లాక్కుంది, కానీ బయటికి రాలేదు. ఇంకో రెండు మూడు ఊపిర్లు నాలోనే పీల్చింది. తల దిమ్మెక్కడం మొదలైంది, నాకు తెలుస్తోంది, ఆమె నుదురు నా పలకకు ఆన్చుకుంది.

"కక్కెర పెట్ట సలికి సచ్చిందంటిమి. మరి సలేది ఈడ?"

ఆ ప్రశ్న ఆమె నన్నే అడిగినట్టుంది. మరుక్షణం ఆమె వెనక్కి ఎంత గట్టిగా నెట్టుకుందంటే నా మూత బందు ఒకటి ఊడిపోయింది. కోడిని మంచులో వదిలేసి గది వైపు పరుగెత్తింది. ఒక చెప్పు నా దగ్గరే ఉండిపోయింది.

ఆ తరువాత నేను విన్నదీ, మంచులోంచి చూసిందీ చెబుతాను. తలుపు గోడకు కొట్టుకున్న చప్పుడు. "అత్తా! అత్తా!" అని కేక. కిటికీ మీద కాగితాలు చిరుగుతున్న చప్పుడు, బొంత కింద పడటం, చెక్కలు బార్లా తెరుచుకోవడం. లోపల లసుమవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, తల పక్కకు వాలి ఉంది. కుంపటి ఎర్రగా, అందంగా మండుతోంది. నవనీత పాపను ఎత్తుకుని బయటికి వచ్చింది. ఏ చలికి భయపడి రెండు నెలలుగా ప్రపంచాన్నంతా మూసేసిందో, ఆ చలిలోకే, ఆ మంచులోకే, తలకు టోపీ కూడా లేని పాపను పట్టుకుని వచ్చింది.

పాప మెడ నిలవడం లేదు. చేయి జారి వేలాడుతోంది.

"బావా! పాప లేస్తలేదు! పాప లేస్తలేదు బావా!"

దత్తు పరుగెత్తుకొచ్చాడు. "సలిల ఎందుకు తెచ్చినవే?" అన్నాడు, అలవాటు మీద.

"సలి గాదు! సలి గాదు బావా! కుంపటి! అవ్వను బయటికి గుంజు ముందుగాల!"

నవనీత పాప అరికాళ్లు రుద్దుతోంది. ముఖం మీద ఊదుతోంది. మంచు ఆ చిన్న ముఖం మీద వాలుతోంది. నేను, తలుపులు తెరుచుకుని, నోరు తెరుచుకున్నట్టే చూస్తున్నాను. ఈ గాలినంతా తీసుకో తల్లీ, ఇదంతా నీదే అనుకుంటున్నాను. అప్పుడు పాప ముక్కు చిట్లించింది. చిన్నగా తుమ్మింది. తరువాత ఏడ్చింది, సన్నగా, పిల్లి పిల్ల లాగా. ఆ ఏడుపు విని నవనీత నేల మీద కూలబడింది.

దత్తు తల్లిని భుజాల కింద పట్టి ఈడ్చుకొచ్చాడు. ఆమె వాంతి చేసుకుంది, కళ్లు తెరిచింది, "పిల్లను సలిల పెట్టిన్రు," అని తిట్టబోయి, మాట తిరగక ఆగిపోయింది. అందరినీ ట్రాలీ ఆటోలో వేసుకుని అతను ఆస్పత్రికి తోలాడు.

వాళ్లు వెళ్లిపోయాక ఇల్లు తలుపులతో సహా తెరిచే ఉంది. నేనూ తెరిచే ఉన్నాను. కోళ్లు ఇష్టం వచ్చినట్టు బాలెంత గదిలోకి వెళ్లి, మంచమెక్కి, కిటికీలోంచి దూకి తిరిగాయి. అవతల ఏమైందో నాకు తెలియదు. పాప ఏడ్చింది కదా అని ధైర్యం చెప్పుకుంటాను, ఆ ఏడుపు సన్నగా ఉంది కదా అని మళ్లీ భయపడతాను. పొద్దు గూకింది. కోళ్లు వాటంతట అవే వచ్చి పడుకున్నాయి. మూసేవాళ్లు లేరు. మరునాడు మధ్యాహ్నం ఆటో చప్పుడు వినిపించింది. ముందు దత్తు దిగాడు. తరువాత లసుమవ్వ. తరువాత నవనీత, ఒళ్లో పాప, పాప ముఖం మీద ఏ గుడ్డా లేదు. కళ్లు తెరిచి ఆకాశం వైపు చూస్తోంది. ఆక్సిజన్ పెట్టారట. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎప్పుడూ పెట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా కోప్పడి పంపిందట.

ఆ సాయంత్రమే దత్తు నా మీది ఫ్లెక్సీలు పీకేశాడు. తరువాతి వారంలో నా ముందు వెదురు తడకలతో ఇంకో గది కట్టి, ఎదిగిన కోడిపిల్లలను అందులోకి మార్చాడు. చాట మళ్లీ బయటికి వచ్చింది. ఈసారి దాన్ని పట్టుకుని కొలిచింది లసుమవ్వ. "నేను సెప్పింది ఇన్లే గని, కోళ్లు సెప్తె ఇన్నది నా కోడలు," అని వాడలో అందరికీ చెప్పుకుంది. గర్వంగానే చెప్పుకుంది.

ఒక ఎండ పొద్దున ఇద్దరూ నా పక్కన కూర్చుని ఉన్నారు. పాపకు నూనె రాస్తోంది లసుమవ్వ. నవనీత గింజలు చల్లుతూ, తల ఎత్తకుండా, మెల్లగా అడిగింది.

"అత్తా. పెద్దదానప్పుడు గూడ కుంపటి పెడ్తిమి గదా."

లసుమవ్వ చేయి పాప వీపు మీద ఆగిపోయింది.

"అది సలికే పోయిందా అత్తా?"

కోళ్లు గింజలు ఏరుకుంటున్నాయి.  లసుమవ్వ పాపను తీసి నవనీత ఒళ్లో పెట్టి, నూనె చేతులతోనే కోడలి తలను తన భుజానికి ఆన్చుకుంది.  ఆ ప్రశ్నకు జవాబు నేనూ చెప్పలేను, ఆ చలికాలం నేను ఇక్కడ లేను. జవాబు తెలియకుండా కూడా ఇద్దరు ఒకరి మీద ఒకరు ఆనుకుని కూర్చోగలరని మాత్రం చూశాను.

మళ్లీ చలికాలం వచ్చింది. పాప ఇప్పుడు నడుస్తోంది. నా వాలుబల్ల ఎక్కి లోపలికి తల పెట్టి కోళ్లను తన భాషలో కేకలేస్తోంది. నా అడుగు పలకకు చెద మొదలైంది. దత్తు అప్పుడప్పుడూ ఇంజనాయిలు పూస్తాడు. ఇంకొన్నాళ్లు ఉంటాను. ఉన్నంతకాలం కలలు కంటూ హాయిగా ఉండిపోవచ్చు. కానీ నిన్నటి నుంచి నాకు మనసు నిలవడం లేదు.

మా వెనక ఇంట్లోకి నిన్న ఒక బాలెంతను తీసుకొచ్చారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు, ఎవరితోనూ ఇంకా పరిచయం లేదు. సాయంత్రం కిటికీకి నీలం ప్లాస్టిక్ పట్టా కొడుతున్న సుత్తి చప్పుడు విన్నాను. పొద్దున ఆ గుమ్మం ముందు బొగ్గుల సంచి దిగింది. నవనీత, లసుమవ్వ ఇద్దరూ పెళ్లికని వేరే ఊరు వెళ్లారు. దత్తు ఉన్నాడు గానీ మగమనిషి, బాలెంత గది గడప తొక్కడు, తొక్కనివ్వరు. పసిబిడ్డ ఏడుపు నిన్న చాలాసార్లు వినిపించింది. ఈ రోజు ఒక్కసారే వినిపించింది. బాగా పడుకుంటోందని ఇంట్లోవాళ్లు సంతోషపడుతూ ఉంటారు.

నాకు కాళ్లు లేవు. మీకున్నాయి. మీరు మా ఊరి మీదుగా వెళ్తుంటే సరే, వెళ్లకపోతే మీ వాడలోనే అలాంటి కిటికీ ఒకటి ఎక్కడో ఉంటుంది. పిల్లను చూడటానికి వచ్చామని చెప్పండి, ఆ మాటకు ఏ గుమ్మమూ వద్దనదు. వాళ్లను తప్పుపట్టకండి, ప్రేమతోనే మూసి ఉంటారు. లోపల కాసేపు కూర్చోండి. మీ తల బరువెక్కుతోందేమో గమనించండి. కుంపటి ఉంటే మీ చేత్తోనే బయట పెట్టి, కిటికీ కొంచెం తెరవండి. ఆ తరువాత ఆ పసిబిడ్డను ఒక్కసారి లేపి చూడండి. నిద్ర చెడిపోతుందని మొహమాటపడకండి. లేపి, ఏడ్చేదాకా ఉండి రండి.